మీకు తెలుసా? గుట్టల మీది గుట్టు!

గోదావరి జిల్లాలంటే కొబ్బరి తోట, కాలువ గట్టు, వరి చేను. అంతా చదునే! కొండ ఊసే లేదనుకుంటున్నారా? ఇలా దగ్గరకి రండి, చెవిలో ఒక మాట! మన ప్రాంతంలోని అతి పాత కట్టడాల్లో ఒకటి కొండ మీదే ఉంది! పేరు గుంటుపల్లి బౌద్ధ గుహలు. నన్నయగారు భారతానికి శ్రీకారం చుట్టడానికి సుమారు 1,200 ఏళ్ల ముందే అక్కడ ఉలి మోగింది! ఇంటి పక్కనే ఇంత ఉంచుకుని మనం ఎక్కడెక్కడికో వెళ్తున్నామండీ!

ముందు దారి చెబుతాను, జాగ్రత్తగా వినండి. గుంటుపల్లి పేరుతో ఊళ్లు రెండున్నాయి! ఒకటి విజయవాడ పక్కన, రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు ఉన్న ఊరు. ఫోన్‌లో ‘గుంటుపల్లి’ అని కొట్టి బండి తీశారో, రైలు పెట్టెల దగ్గర తేలతారు! మనక్కావలసింది కామవరపుకోట మండలంలో ఉన్నది. ఏలూరు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ‘జీలకర్రగూడెం’ అని వెతకండి, నేరుగా కొండ కిందకే చేరుస్తుంది!

ఇంకో సంగతి. పాత పుస్తకాల్లో, పాత బోర్డుల్లో ఇది పశ్చిమ గోదావరి జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. కొండ కదల్లేదు, చిరునామా మారింది!

ఇప్పుడు అసలు అద్భుతం! కొండ అంచున గుర్రపు నాడా ఆకారంలో ఒక వాకిలి. తల వంచి లోపలికి వెళ్లండి. తల పైకెత్తండి. పూరిపాక! అవును, గుండ్రటి పూరిపాక! నడి కొప్పు నుంచి చుట్టూ దిగే వాసాలు. వాసాలను కలిపే అడ్డకర్రలు. అన్నీ ఉన్నాయి. కానీ ఒక్క కర్ర లేదు, ఒక్క తాటాకు లేదు! మొత్తం కొండరాయే! పాక ఎలా కడతారో అచ్చం అలాగే రాతిలో తొలిచారు! పాక బరువు మోయడానికి వాసం కావాలి గానీ, గుహకి వాసం ఎందుకండీ? అక్కర్లేదు! అయినా చెక్కారు! చెక్కపని తెలిసిన చేతులు రాతిపనిలోకి దిగిన కాలమది. ఆ గది అడ్డం కొలత ఎంతో తెలుసా? దాదాపు 18 అడుగులు! అంత గదినీ పైనుంచి కింద దాకా తొలుస్తూ, నడిమధ్య స్తూపం మాత్రం కొండతో కలిసి ఉండేలా వదిలేశారు. ఎక్కడినుంచో తెచ్చి పెట్టిన స్తూపం కాదది, అక్కడే మిగిల్చిన స్తూపం! ఒక్క దెబ్బ తప్పితే మళ్లీ అతికించే వీల్లేదు. తప్పలేదు!

లోపల స్తూపం చుట్టూ నడవడానికి సన్నటి దారి ఉంది. ఎడమ నుంచి కుడికి తిరగండి, ప్రదక్షిణం అలాగే కదా! ఒక్కొక్కరే వెళ్లండి. బయటి ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనబడదు. కంగారు పడకండి! కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఓ పక్కన నిలబడండి. పై వాసాలు ఒక్కొక్కటే బయటపడతాయి! ఫోన్ లైటు వేసేశారంటే ఆ ఆనందం పోయినట్టే.

ఇలాంటి రాతి పాక ఇంకెక్కడుందో చెప్పనా? బీహార్‌లో! గయ దగ్గర బరాబర్ కొండల్లో! అశోకుడు తన 12వ రాజ్యవర్షంలో ఆజీవక సన్యాసులకి ఇచ్చిన సుదామ గుహలో ఇలాంటి గుండ్రటి పాకనే రాతిలో మలిచారు. పక్కనున్న లోమశ ఋషి గుహ వాకిలి చూస్తే మన గుంటుపల్లి వాకిలికి అన్నగారే! మగధ ఎక్కడ, మన కామవరపుకోట ఎక్కడ! రైలు లేదు, రోడ్డు లేదు, ఫొటో లేదు. ఆ పనితనం ఇంత దూరం ఎలా నడిచొచ్చిందండీ!

ఆ స్తూపానికి ఊళ్లో వాళ్లు పెట్టుకున్న పేరు విన్నారా? ధర్మలింగేశ్వరస్వామి! బౌద్ధులు వెళ్లిపోయారు, మొక్కు మాత్రం ఆగలేదు! స్తూపమే శివలింగమై పూజలందుకుంది. ఒకే రాయి, 2 మతాల దండాలు! అందుకే చెప్పులు బయట విడిచి వెళ్లండి. ఎవరైనా దీపం పెట్టుకుంటూ ఉంటే అడ్డంగా నిలబడి ఫొటోలు తీయకండి.

కొండపైకి వెళ్లారా? ఇక స్తూపాలే స్తూపాలు! ఇటుకవి, రాతివి, చిన్నవి, పెద్దవి. 60కి పైగా! కొన్నింటికి గుండ్రటి పీఠం మాత్రమే మిగిలింది. చూస్తే కూర్చోవడానికి కట్టిన అరుగులే అనిపిస్తాయి. దయచేసి కూర్చోకండి! భక్తులు మొక్కు తీరి కట్టించుకున్న స్తూపాలవి. పిల్లలకి ముందే చెప్పండి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి గెంతడం వాళ్లకి మహా సరదా! రాతి కింద నేల గట్టిదే గానీ, పాత ఇటుక వరసకి ఒక్క గెంతు చాలు, జారిపోతుంది.

ఇది మాత్రం నాకు ఎంతో ఇష్టమైన ముక్క! కొండ మీద పాత మండపం ఒకటుంది, స్తంభాలే మిగిలాయి. దాన్ని కట్టించి ఇచ్చింది ఎవరు? రాజా? కాదు! సేనాపతా? కాదు! ఒక రాతపని చేసే గుమస్తా! పేరు చుళగోమ. కళింగాధిపతినని చెప్పుకున్న సిరిసద మహారాజు దగ్గర లేఖకుడు. ఊహించండి! సుమారు 2 వేల ఏళ్ల కిందటి ఒక ఉద్యోగి, తన దానంతో మండపం కట్టించి, స్తంభం మీద తన పేరు వేయించుకున్నాడు. మహారాజు ఎవరో ఇప్పుడు పండితులు వాదించుకుంటున్నారు. గుమస్తా పేరు మాత్రం అందరూ ఒప్పుకుంటారు!

ఆ అక్షరాలు చూడాలంటే ఒక కిటుకుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనబడవు! ఎండ నడినెత్తిన ఉంటే గీతల్లో నీడ పడదు. పొద్దున 9 గంటల లోపు వెళ్లండి, లేదంటే సాయంత్రం ఎండ వాలాక. అప్పుడు వెలుగు పక్కనుంచి పడుతుంది. చెక్కిన ప్రతి గీతలోనూ నీడ నిండుతుంది. బ్రాహ్మీ లిపి పైకి తేలినట్టు కనిపిస్తుంది! సుద్దముక్కతో గీతలు దిద్దడం, నీళ్లు పోసి తుడవడం మాత్రం వద్దే వద్దు!

కొండకి అప్పట్లో వాడుకలో ఉన్న పేరు కూడా శాసనాల్లో దొరికింది. మహానాగపర్వతం! మరి మెట్లెవరు కట్టించారు? ఒక స్త్రీ! ఇక్కడి భిక్షువు ఒకరికి శిష్యురాలు. ఆమె దానంగా మెట్ల వరస కట్టించిందని క్రీ.పూ. 1వ శతాబ్దపు శాసనం చెబుతోంది. మెట్లెక్కుతూ ఆయాసపడినప్పుడు ఆమెని ఒక్కసారి తలుచుకోండి. ఆమె మెట్లు కట్టించకపోతే అప్పటివాళ్లు రాళ్లు పట్టుకుని పాకాల్సిందే!

చైనా నుంచి వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ మన వైపు కూడా తిరిగాడు, తెలుసా? 7వ శతాబ్దం! ఆంధ్ర దేశపు రాజధానిగా ఆయన రాసుకున్న పేరు వేంగి అనే పండితుల మాట. ఇప్పుడది ఏలూరు పక్కనున్న పెదవేగి! ఆ రాజ్యంలో భిక్షువులు ఎంతమంది ఉన్నారని రాశాడో చూడండి. సుమారు 3 వేల మంది! పామాయిల్ తోటల మధ్య ప్రశాంతంగా ఉన్న ఆ పల్లె ఒకప్పుడు రాజధాని నగరం!

ఆగండి, అసలు గుట్టు ఇంకా విప్పలేదు! ఆ నగరం దగ్గరున్న ఒక బౌద్ధ ఆరామానికి నైరుతి దిక్కున 20 లీల దూరంలో ఒక ఒంటరి కొండ ఉందని ఆయన రాశాడు. లీ అంటే చైనా వాళ్ల దూరం కొలత, మన కిలోమీటరులో దాదాపు సగం. ఆ కొండ శిఖరం మీద రాతి స్తూపం! దిఙ్నాగుడు తన తర్కశాస్త్ర గ్రంథం రాసింది అక్కడేనట! దిఙ్నాగుడంటే మాటలు కాదండీ. భారతీయ తర్కాన్ని మలుపు తిప్పిన మహా పండితుడు. చైనా, టిబెట్ మఠాల్లో ఈనాటికీ ఆయన తర్కాన్ని చదువుతారు. అంతటి పుస్తకం మన ఏలూరు గాలిలో పుట్టిందట!

ఇక ప్రయాణం మాట. ఎండాకాలం అసలు పెట్టుకోకండి! మే నెలలో మన జిల్లాల్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కింద రోడ్డు మీదే అంత ఉంటే, ఎండకి కాలిన బండరాయి మీద ఎలా ఉంటుందో మీరే చెప్పండి! నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బంగారంలాంటి కాలం. కార్తీక మాసం అయితే మరీ మంచిది. వనభోజనాలకి ఎలాగూ వెళ్తాం కదా! ఈసారి ఉసిరి చెట్టు కింద భోంచేసి, కొండ ఎక్కండి. పొయ్యి మాత్రం కట్టడాలకి దూరంగా, కొండ దిగువనే!

పొగ వద్దని ఎందుకంటున్నానో తెలుసా? కొండతేనె! గుహల పైకప్పులకి, బండ అంచులకి పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. ఒక్కో పట్టు 1 మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది! ఘాటు సెంటు పూసుకుని, అరుపులు అరుస్తూ, అగరుబత్తి వెలిగించుకుని దాని కిందకి వెళ్లకండి. పట్టు కనబడిందా, గొంతు తగ్గించి పక్కకి తప్పుకోండి. రాయి విసిరే పిల్లాడి చెయ్యి ముందే పట్టుకోండి!

ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాలు! ఇది చాలామందికి తెలియదు. మెట్లు దిగేటప్పుడు మోకాలి కీలు మీద మన ఒంటి బరువుకి 3 రెట్ల పైనే భారం పడుతుంది! ఎక్కేటప్పటి కన్నా ఎక్కువ! అందుకే తాతగారూ బామ్మగారూ పైకి హాయిగా వెళ్లిపోయి, కిందకి రాలేక కూర్చుండిపోతారు. చేతికర్ర ఒకటి పట్టుకోండి. పక్కవాటుగా, తొందరపడకుండా దిగండి. హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టు ఉన్నవి వేసుకోండి.

సాయంత్రం చల్లగా ఉంది కదా, ఇంకాసేపు కూర్చుందాం అనిపిస్తుంది. వద్దు! మన వైపు సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. సూర్యాస్తమయం అయ్యాక దారి కనబడేంత వెలుగు 25 నిమిషాలు కూడా ఉండదు! అదే యూరప్ దేశాల్లో అయితే చాలాసేపు మసక వెలుతురు ఉంటుంది. ఇక్కడ రాత్రి ఒక్కసారిగా మీద పడుతుంది. పొద్దు వాలకముందే దిగడం మొదలుపెట్టండి.

వేసవి చివర్లో మబ్బు పట్టిందా? గాలివాన వచ్చేలా ఉందా? వెంటనే దిగిపోండి! కొండ మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నది మీరే అయితే పిడుగుకి గురి కూడా మీరే. ఉరుము వినబడిందంటే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టే. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి గాని మళ్లీ పైకి వెళ్లకూడదు. ఇనుప కమ్మీలు పట్టుకోవద్దు, ఒంటరి తాటిచెట్టు కింద నిలబడనే వద్దు!

టికెట్టు సంగతి కూడా చెప్పేస్తాను. కేంద్ర పురావస్తు శాఖ చూసే కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్టు లేదు! సెలవుల్లో బడి పిల్లలందర్నీ బస్సెక్కించేయండి. మాష్టార్లూ, వింటున్నారా?

‘రాజు లవ్స్ రాణి’ అని రాయి మీద గీకే వాళ్లకి ఈ ముక్క వినిపించండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2 ఏళ్ల దాకా జైలు! 1958 నాటి చట్టానికి 2010లో సవరణ తెచ్చి మరీ శిక్ష పెంచారు. జరిమానా కూడా ఉంది, లక్ష రూపాయల దాకా! చుళగోమ మండపం కట్టించి పేరు వేసుకున్నాడు. మనం ఏమీ కట్టించకుండా పేరు వేసుకోవడం న్యాయమా చెప్పండి!

నేల మీద పాత నాణెం మెరిసిందనుకోండి. జేబులో వేసుకోవచ్చా? కుదరదు! నేలలో దాగి దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే చాలు, అధికారులకి చెప్పాలి! అవును, పది రూపాయలే! 1878 నాటి చట్టం ఇంకా అమల్లోనే ఉంది. దొరికిన చోటు కదపకుండా, ఫొటో తీసి, అక్కడి కాపలాదారుకి చెప్పండి. నాణెం కన్నా అది పడి ఉన్న చోటే చరిత్రకారులకి ఎక్కువ కబుర్లు చెబుతుంది.

ఇప్పుడు గోదావరికి ఇటువైపు వద్దాం. పిఠాపురం వెళ్తారు కదా, పాదగయకి? అక్కడికి దగ్గర్లోనే కొడవలి అనే ఊరుంది. ఊరి కొండ మీద బౌద్ధ శిథిలాలు. ఆ దిబ్బ పేరు ధనం దిబ్బ! అక్కడి రాతి మీద శాతవాహన రాజు చండసాతి శాసనం ఉంది. శాతవాహనులు అంటే ఎక్కడో పైఠాన్, అమరావతి అనుకుంటాం. వాళ్ల ఆఖరి రాజుల్లో ఒకరి మాట మన కొబ్బరి తోటల పక్కన రాయి మీద ఉంది! అది ఆయన 2వ రాజ్యవర్షంలో వేయించింది. కొత్తగా గద్దెనెక్కిన రాజు!

కొండలే లేని కోనసీమలో ఏం చేశారంటారా? మట్టి మీదే ఇటుకతో స్తూపం లేపేశారు! మామిడికుదురు మండలం ఆదుర్రు వెళ్లండి. వైనతేయ పాయకి దగ్గర్లో, పచ్చటి తోటల మధ్య పాత ఇటుకల స్తూపం. 1953లో తవ్వితే బండి చక్రంలా ఆకులు ఆకులుగా పునాది బయటపడింది! అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగిందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. కొండ ఎక్కలేని పెద్దవాళ్లని ఇక్కడికి తీసుకెళ్లండి, ఒక్క మెట్టు లేదు!

ఇవన్నీ చూశాక మనసు ఇంకా పైకి లాగుతుంది, నాకు తెలుసు! హిమాలయాలు, ఆపైన పెరూలోని మచుపిచ్చు! అయితే ముందు ఒక లెక్క. రాజమండ్రి సముద్రం కన్నా సుమారు 14 మీటర్ల ఎత్తున ఉంది. అంతే! కాకినాడ వాళ్లయితే దాదాపు సముద్రంతో సమానం. మన ఊపిరితిత్తులు చిక్కటి గాలికి అలవాటు పడినవండీ. అందుకే కొండ ప్రయాణంలో తొందర పనికిరాదు.

మన్యం కొండలెక్కితే తల తిరుగుతుందా అని అడుగుతారు. గాలి పలచబడి వచ్చే జబ్బు మొదలయ్యేది సుమారు 2,500 మీటర్ల ఎత్తు నుంచి. తూర్పు కనుమలన్నీ కలిపి వెతికినా అంత ఎత్తు శిఖరం ఒక్కటీ లేదు! అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఎత్తైన శిఖరాలు కూడా దానికి చాలా కిందే ఆగిపోతాయి. లంబసింగిలో వణికితే అది చలి, గాలి తప్పు కాదు!

కేదార్‌నాథ్ వేరే కథ! 3,583 మీటర్లు! అక్కడ ఒక్కో ఊపిరిలో దొరికే ప్రాణవాయువు రాజమండ్రిలో దొరికేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అందుకే నాలుగడుగులకే గుండె దడదడ! తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం మొదలైతే ‘స్వామి పరీక్ష పెడుతున్నాడు’ అనుకుని పైకి వెళ్లకండి. ఆగండి. తగ్గకపోతే దిగండి. దిగడమే అసలైన మందు! గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని కలవండి.

ఒక బంగారు సూత్రం రాసుకోండి. 3 వేల మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటికన్నా ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు. పగలు ఎంత ఎక్కినా సరే, పడక మాత్రం కిందికి దిగి వేయాలి! పర్వతారోహకులందరూ పాటించే కిటుకిది. ప్యాకేజీ టూరు వాళ్లని మొదట అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: ‘ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోబెడతారండీ?’

అన్నం లేకపోతే మనకి పొద్దు గడవదు కదా! వినండి మరి. కేదార్‌నాథ్ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల దాకా వేడెక్కవు! దాదాపు 88 డిగ్రీలకే తెర్లిపోతాయి! చూస్తే గిన్నె కుతకుతలాడుతుంటుంది, మెతుకు మాత్రం పలుకే. పప్పు సంగతి అడగనే వద్దు! ప్రెషర్ కుక్కర్ లేకుండా అక్కడ వంట తెమలదు. కాబట్టి ఇంటి నుంచి వండక్కర్లేని తిండి పట్టుకెళ్లండి. ఆత్రేయపురం పూతరేకులు బరువుండవు, నోట్లో వేసుకుంటే వెంటనే సత్తువ!

చల్లగా ఉంది కదా అని టోపీ తీసేయకండి! వెయ్యి మీటర్లు ఎక్కిన కొద్దీ చర్మాన్ని కాల్చే అతినీల కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. ఒళ్లు చలికి వణుకుతుంటుంది, ముక్కు మాత్రం ఎండకి ఊడిపోతుంది! మంచు మీద పడి తిరిగొచ్చే వెలుగు ఇంకా ఘోరం. నల్లకళ్లద్దాలు సోకు కోసం కాదు, కళ్లు కాపాడుకోవడానికి.

మచుపిచ్చు వెళ్లే మన అమెరికా పిల్లలకి ఈ ముక్క వాట్సాప్ చేయండి. అందరూ మచుపిచ్చు ఎత్తుకి భయపడతారు. అది సుమారు 2,430 మీటర్లే! విమానం దిగే కుస్కో నగరం దానికన్నా దాదాపు వెయ్యి మీటర్లు ఎత్తు! అంటే తల తిరిగేది కొండ మీద కాదు, హోటల్లో! కుస్కోలో దిగగానే కిందనున్న లోయ ఊళ్లకి వెళ్లి పడుకోవాలి. తిరుగు ప్రయాణంలో కుస్కో చూసుకోవాలి. ఈ ఒక్క మార్పుతో యాత్ర హాయిగా గడిచిపోతుంది!

అన్నట్టు, మచుపిచ్చు అంత పాతదా? పాతదే, కానీ వయసు సుమారు 600 ఏళ్లే! మన గుంటుపల్లి ముందు పసిపిల్ల!

అంత దూరం అక్కర్లేదు, రైలెక్కి ఉత్తరానికి పదండి. అనకాపల్లి దగ్గర శంకరం ఊరి పక్కన బొజ్జన్నకొండ, లింగాలకొండ. పక్కపక్కనే 2 కొండలు! కొండనే చెక్కి స్తూపాలు చేశారు. ఒక్కటి కాదు, వరసలు వరసలుగా, మెట్లు మెట్లుగా! లింగాలకొండ అన్న పేరు కూడా ఆ స్తూపాలన్నీ లింగాల్లా కనిపించడం వల్లే. 1906లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వితే సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది! పాటలీపుత్రం చక్రవర్తి బంగారం అనకాపల్లి బెల్లం ఊళ్లో!

విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డులో వెళ్తూ ఎంతమంది తొట్లకొండ కిందనుంచే దాటిపోతారో! పైకి తిరగండి! 128 మీటర్ల ఎత్తు. పైన మహాస్తూపం, భిక్షువుల గదులు, కింద ఎదురుగా సముద్రం! నీళ్ల కోసం బండలోనే తొట్లు తొలిచారు, అందుకే ఆ పేరు. నీరు దొరకని కొండ మీద వానచుక్క వృథా పోనివ్వని తెలివి!

ఆ కొండని ఎవరు కనిపెట్టారో చెప్పనా? నావికాదళం! 1976లో స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే శిథిలాలు కనబడ్డాయి! తవ్వితే ఏం దొరికాయి? రోమ్ వెండి నాణేలు! ఎక్కడి రోమ్, ఎక్కడి భీమిలి తీరం! ఓడల్లో సరుకు, సరుకు వెంట వర్తకులు, వాళ్ల చేతుల మీదుగా కొండ మీది భిక్షువులకి కానుకలు.

వానాకాలంలో మాత్రం తొట్లకొండ స్తూపం గోడల దగ్గరకి వెళ్లకండి. 2019 అక్టోబరులో కుండపోత వానకి మహాస్తూపంలో కొంత భాగం కూలింది! తర్వాత మళ్లీ కట్టారు. రెండు వేల ఏళ్లు నిలబడ్డది కూడా ఒక్క వానకి జారిపోగలదు. తడిసిన ఇటుక మీద చెయ్యి కూడా ఆనించకండి.

విజయనగరం దగ్గర రామతీర్థం వెళ్లి రాములవారి దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేస్తున్నారా? అయ్యో! పక్కనే 3 కొండల మీద బౌద్ధుల, జైనుల శిథిలాలున్నాయి! గురుభక్తులకొండ, దుర్గకొండ, బోధికొండ. గుడి ముందు బండి ఆపి, తోడుగా ఊరి మనిషినొకర్ని పిలుచుకుని వెళ్లండి. ఒంటరిగా వద్దు. మంచినీళ్లు కిందే నింపుకోండి.

ఇంకా పైకి వెళ్తే శ్రీకాకుళం, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ! ఇది మాత్రం కుర్చీలోంచి లేపే సంగతి! ఆ కొండ మీది బౌద్ధ స్తూపాలని లోకానికి చూపించిందెవరు? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు! 1919లో! సవర భాషకి నిఘంటువు కూర్చిన మనిషి, పుట్టినరోజుని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకునే మనిషి, కొండలెక్కి రాళ్లు కూడా చదివారు! వంశధార నీళ్లు కనిపించే ఆ కొండ మీద స్తూపాలు, చైత్యాలు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. పొద్దున్నే వెళ్లండి, నది మీంచి గాలి కొడుతుంటుంది!